మరలివచ్చిన తండ్రి

పటాలమునకు పోవువానిని సాగనంపుటకు మనకు పద్ధతులు గలవు. నుదుట కుంకుమ పెట్టుదుము, కొబ్బరికాయ కొట్టుదుము, ఊరి పొలిమేర దాక వెంట నడతుము. జెండాలో చుట్టబడి వచ్చినవానికిని పద్ధతి గలదు. బడిపిల్లలను బారులు తీర్చి నిలుపుదుము, కూడలికి వాని పేరు పెట్టుదుము, చందాలు పోగుచేసి విగ్రహ మెత్తుదుము. ఈ యిరువురి నడుమ మూడవవా డొకడున్నాడు. వాడు చావలేదు, వాని కాలుసేతులు చక్కగానే యున్నవి, ఇనుపపెట్టె భుజమున బెట్టుకొని రైలు దిగి యింటికి నడచి వచ్చినాడు. వానికి మాత్రము పద్ధతి యేదియు లేదు. వచ్చినాడు గదా, ఇక కావలసిన దేమున్నదని లోకము తన పనిలో తాను పడును. ఆ యింటి తలుపునకు లోపల భార్యయు బిడ్డలును గలరు. యుద్ధము తండ్రి మనస్సున చేసిన గాయము వలన బిడ్డ బాధపడినచో ఆ బాధకు జవాబుదారి యెవరు? బిడ్డ దానిని సహించి యూరకుండవలసినదేనా? ఈ ప్రశ్నను గూర్చి నాకు తోచినది చెప్పెదను.

ముందుగా ఒక మాట. సైన్యమునుండి వచ్చినవారందఱును మనోరోగులని నా యభిప్రాయము కాదు. అట్లనుట అసత్యము, కృతఘ్నత కూడ. మా ముత్తుకూరు ప్రాంతమున రేవు పనులలోను, విద్యుత్కేంద్రముల కావలి పనులలోను కుదురుకొని, పిల్లలను చక్కగా చదివించుకొనుచు, ఇరుగుపొరుగు తగవులు తీర్చుచు పెద్దమనుష్యులై యున్న మాజీ సైనికులు గలరు. నేను చెప్పునది తక్కిన కొందఱిని గూర్చి. వారు కొందఱే కావచ్చును గాని వారి యిండ్లలోని పిల్లలు మా తరగతులలో మా కన్నుల యెదుట కూర్చుండుచున్నారు.

ఈ గాయమునకు పేరు దొరకుటకు చాల కాలము పట్టినది. 1914లో మొదలైన యుద్ధమునకు మన దేశమునుండి 13 లక్షలమంది పోయిరి. పశ్చిమ గోదావరి సీమలో తాడేపల్లిగూడెము చెంత నున్న మాధవరము ఆ యుద్ధమునకును, 1939లో మొదలైన రెండవదానికిని తన యువకులను పంపి ‘మిలిటరీ మాధవరము’ అని పేరుగాంచినది. ఆ తొలి యుద్ధమున ఒడలిపై గీత యైన పడకయే మాట పడిపోయినవారిని, చేతులు వడకువారిని, నిద్రలో కేకలు పెట్టువారిని చూచి వైద్యులు తెల్లబోయిరి. 1915లో చార్లెస్ మయర్సు అను వైద్యుడు ‘లాన్సెట్’ పత్రికలో ఈ యవస్థను ‘షెల్ షాక్’ అను పేర వర్ణించెను. ఫిరంగి గుండు ప్రేలిన యదరునకు మెదడు కదలినదని మొదట తలచిరి. గుండు పడని చోట నున్నవారికిని అదే యవస్థ కలుగుట చూచిన పిదప ఆ తలపు నిలువలేదు. సేనాధిపతులకు మాత్రము సులభమైన సమాధాన మొకటి సిద్ధముగా నుండెను: పిఱికితనము. పాఱిపోవుట, పిఱికితనము మున్నగు నేరములు మోపి ఆ యుద్ధమున బ్రిటిషు సామ్రాజ్య సైన్యము తన వారినే కాల్చి చంపించినది. వారిలో 306 మందికి ఆ ప్రభుత్వము క్షమాభిక్ష ప్రకటించినది 2006లో. తొంబది యేండ్లు!

అమెరికా మనోవైద్యులు 1980లో తమ రోగనిర్ణయ గ్రంథమున దీనికి ‘పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్’ అని పేరు పెట్టిరి. అభిఘాతము కడచిన పిదపను నిలిచియుండు మనఃక్లేశ మని దాని భావము. దాని లక్షణములు తెలియనిదే బిడ్డల సంగతి తెలియదు గాన క్లుప్తముగా చెప్పెదను. కడచిన ఘోరము కలలోను, మెలకువలోను మరల మరల వచ్చి కన్నుల యెదుట నిలుచును. దానిని తలపించు చోటులను, మాటలను, మనుష్యులను రోగి తప్పించుకొని తిరుగును. ఏ క్షణమున నేమి వచ్చునో యని దేహము నిరంతరము కావలి కాయుచుండును. చిన్న చప్పుడునకు ఉలికిపడును, చిన్న మాటకు మండిపడును. నాలుగవది లోకమునకు కనబడనిది. మనసు మొద్దుబారును. సంతోషము, ప్రేమ, దుఃఖము అన్నియు ఒక దళసరి గుడ్డ వెనుకనుండి వినవచ్చు మాటలవలె దూరమగును.

ఇందులో వింత యేమనగా, ఈ లక్షణములలో పెక్కింటిని యుద్ధభూమియందు ఎవ్వరును రోగమనరు. అచ్చట ప్రతి చప్పుడును అనుమానించువాడే బ్రదుకును. పక్కనున్నవాడు కూలినప్పుడు ఏడువక తుపాకి పట్టుకొనినవాడే తక్కినవారిని కాపాడును. 1987 మొదలు 1990 వఱకు సింహళద్వీపమున మన శాంతిసేన యున్నప్పుడు ఇంచుమించు 1,200 మంది మరణించిరి. ఏ చెట్టుక్రింద మందుపాతర యున్నదో తెలియని దారులలో నడచి తిరిగివచ్చినవారు వేలకొలది. 1999 నాటి కార్గిలు కొండలలో 527 మంది పోయిరి. అట్టి చోట బ్రదికించిన గుణమే ఇంటికి వచ్చిన పిదప బిడ్డ చేతిలోని పళ్లెము జాఱిపడినప్పుడు ఉఱుమై వెలువడును. గుణము మాఱలేదు, చోటు మాఱినది.

మఱి, యుద్ధమునుండి వచ్చినవానిని మన వా రెట్లు చేరదీసిరి? నెల్లూరు సీమవారమైన మాకు చిన్ననాట నేర్పిన కథ యొకటి గలదు. పదమూడవ శతాబ్దమున మనుమసిద్ధి రాజ్యమున కాటమరాజు తన పశువులను మేపి పుల్లరి కట్టననగా యుద్ధము వచ్చినది. కవి తిక్కనకు పెదతండ్రి బిడ్డయగు ఖడ్గతిక్కన సేన నడపి, తన వారందఱు కూలగా ఇంటికి మరలివచ్చెనట. తండ్రి సిద్ధన నిందించెను. భార్య చానమ్మ స్నానమునకు నీళ్లు పెట్టి, ఆడుదానికి పెట్టినట్లు చుట్టును మంచము మఱుగుంచి పసుపుముద్ద పెట్టెను. తల్లి ప్రోలమ్మ విఱిగిన పాలు పోసి, నీవలెనే పాలును విఱిగినవనెను. ఆతడు తిరిగి పోయి పోరి మరణించెను. దీనిని వీరగాథ యని మేము బాలురకు చెప్పుచున్నాము; బాలురు చప్పట్లు కొట్టుచున్నారు. నేనును పెక్కేండ్లు చెప్పినాను. అయితే కథను ఇంకొక వైపునుండి చూడుడు. తన వారి శవములు చూచి వచ్చిన మనుష్యుడు ముగ్గురు మనుష్యులను కలిసికొనెను. ఏమి జరిగినదని ముగ్గురిలో నొక్కరును అడుగలేదు. ఆ ప్రశ్న లేకపోవుటయే ఈనాటికిని మన యిండ్లలో నిలిచిన సంప్రదాయము.

అదే వంశమున పుట్టి అదే నెల్లూరున నివసించిన తిక్కన సోమయాజి భారతమున విరాటపర్వము మొదలు కడదాక పదునైదు పర్వములు తెనిగించెను. యుద్ధమును, యుద్ధము ముగిసిన పిదపటి శూన్యమును తెలుగువారికి చెప్పిన దాతడే. గెలిచిన ధర్మరాజు శాంతిపర్వమున సింహాసనము నొల్లక అడవికి పోయెదననును. తమ్ములు కోపింతురు. వ్యాసభారతమున ద్రౌపది యొక యడుగు ముందుకు వేసి, దారి తప్పిన మనసుగలవానికి ధూపములు, అంజనములు, నస్యములు, ఔషధములు ప్రయోగించి చికిత్స చేయవలయు ననును. ఆమె దెప్పిపొడుచుచునే యన్నది. అయినను యుద్ధవిషాదమునకు వైద్యము కావలెనన్న మాట మన గ్రంథములలో ఆమె నోట వచ్చుట నాకు చిన్న సంగతిగా తోచదు. చానమ్మ పసుపుముద్ద పెట్టినది, ద్రౌపది వైద్యుని పిలువు మన్నది. మన మింతకాలమును చానమ్మనే మెచ్చుకొంటిమి.

ఆ భారతముననే మన ప్రశ్నకు సరిపడు బిడ్డయు నున్నాడు. ఉపపాండవులు నిద్రలో హతులైరి. అభిమన్యుడు అంతకు ముందే పోయెను. మిగిలినది ఉత్తర గర్భమందలి శిశువొకడు. పరీక్షిత్తు పెరిగిన యింటిలో పెద్దవారందఱును యుద్ధమునుండి వచ్చినవారే. మహాప్రస్థానమునకు పోవుచు ధర్మరాజు ఆతనిని కృపాచార్యునకు శిష్యునిగా నప్పగించెను. ఆ కృపుడే కదా సౌప్తికరాత్రి శిబిరద్వారమున నిలిచి, పాఱిపోవువారిని కూల్చినవాడు! ఆ గురువు ఆ రాత్రిని గూర్చి ఆ శిష్యునకేమి చెప్పెనో కవి చెప్పలేదు. అట్టి మౌనమున పెరుగు పిల్లల సంగతియే నేను చెప్పుచున్నది.

మన సిపాయి యింటికి ఒక ప్రత్యేకత గలదు. ఏటికి రెండు నెలల సెలవు, మీద కొన్ని దినములు. ఇంతమాత్రమే తండ్రి యింట నుండును. ఆ దినములలో ఆతడు మిఠాయి తెచ్చును, తిరునాళ్లకు తీసికొనిపోవును, ఎవ్వరిని కసరడు. బిడ్డ కెఱుకయైన తండ్రి ఆ సెలవు తండ్రి. సామాన్య సిపాయి పదునైదు పదునేడేండ్లు పనిచేసి, నలువది నిండకుండగనే పింఛను పుచ్చుకొని వచ్చును. అప్పటికి బిడ్డకు పది పండ్రెండేండ్లుండును. ఇప్పుడు వచ్చినవాడు మరల పోవువాడు కాడు, మిఠాయి తెచ్చువాడును కాడు. బిడ్డ పాతతండ్రికై వెదకుకొనును. తండ్రి పటాలమునకై వెదకుకొనును.

కొన్ని గుర్తులు మార్చి ఒక బాలుని సంగతి చెప్పెదను. ఏడవ తరగతి. తెలివిగలవాడు. వ్రాత క్షీణించుట చూచి తండ్రిని పిలుచుకొని రమ్మంటిని. “నాన్న వద్దు సార్, అమ్మ వస్తాది” అనెను. కొట్టునా యని యడిగితిని. “ఎప్పుడూ కొట్టలేదు సార్. ఏమీ అనడు.” మఱి భయమేల? కొంతసేపు నేల చూచి, “నాన్నకు నేనంటే ఇష్టం లేదు సార్. నేనేం చేశానో తెలియదు” అనెను. పిదప తల్లి వచ్చి చెప్పిన దేమనగా, ఆ తండ్రి రాత్రి కావలి పని తానే కోరి తీసికొనెను. ఎటులను నిద్ర పట్టదు గాన. పైవారు ఆతని శ్రద్ధను మెచ్చుకొనుచున్నారట. పగలు వాకిలి కెదురుగా గోడకు వీపు ఆనించి కూర్చుండును. దీపావళి నాడు పిల్లలతో చెప్పకయే ఊరు విడిచి పోవును. ఈ యింట ఒక్క దెబ్బ లేదు, ఒక్క తిట్టు లేదు. పొరుగువారి దృష్టిలో ఇది ఆదర్శకుటుంబము.

పొరుగువారికి కనబడునది కోపము. బిడ్డను ఎక్కువగా దూరము చేయునది మాత్రము ఆ మొద్దుబారుటయే యని పరిశోధకులు కనిపెట్టిరి. వియత్నాము యుద్ధమునుండి వచ్చిన అమెరికా సైనికుల కుటుంబములను గూర్చిన దేశవ్యాప్త పరిశీలన 1992లో ప్రకటింపబడినది. ఈ రోగముగల తండ్రుల పిల్లలలో ప్రవర్తనకు సంబంధించిన చిక్కు లధికమని అందు తేలినది. 2002లో రుషియో మొదలగువారు అట్టి యోధులైన 66 మంది తండ్రులను పరిశీలించి, రోగలక్షణములలో బిడ్డలతోడి సంబంధమును చెఱచుటకు ముఖ్యముగా ముడిపడి యున్నది భావశూన్యతయే యని వ్రాసిరి. ఇది వినుటకు వింతగా నుండును గాని, పిల్లలతో మెలగువారికి వింత కాదు. అఱచిన తండ్రి కేదో కారణము గలదని బిడ్డ యూహించుకొనగలడు. తన పద్యము విని, తన బహుమతి చూచి, మొగమున నే కదలికయు లేని తండ్రికి కారణ మెక్కడ వెదకును? తనయందే వెదకును.

ఇక ధర్మవిచారమునకు వత్తము. కొందఱు పెద్దలు ఇట్లందురు: మా తండ్రులును మమ్ము ఒడిలో కూర్చుండబెట్టుకొని ముద్దాడినవారు కారు, మేము చెడితిమా? ఇది కొత్తగా కనిపెట్టిన సౌకుమార్యము. — వారికి నా సమాధానము స్వల్పము. సహజముగా మితభాషి యైన తండ్రి వేఱు, మాటాడగోరి మాటాడలేని తండ్రి వేఱు. మొదటివాని మౌనమున బిడ్డ నెమ్మదిగా నిద్రించును. రెండవవాని మౌనమున ఇల్లంతయు చెవులు రిక్కించుకొని యుండును.

మఱికొందఱి మాట ఇంతకంటె బరువైనది. దేశమునకై ప్రాణము లొడ్డినవాని కోపమును, మౌనమును భార్యాబిడ్డలు సహింపవలదా? అదియు ఆ త్యాగములో వారి వంతు కాదా? ఈ వాదమున గౌరవమున్నది గాన దీనిని తేలికగా త్రోసివేయరాదు. కాని ఎవరు దేనికి ఒడబడిరో చూడుడు. సైన్యమున చేరునాడు సిపాయి ప్రమాణము చేసెను. అపాయ మెఱిగి చేసెను. దేశము ఆతని సేవ గైకొనెను. బిడ్డ దేనికిని ప్రమాణము చేయలేదు. మనము పితృఋణమును గూర్చి అనవరతము చెప్పుదుము. కొడుకు తండ్రికి పడియున్న బాకీ అది. ఏ శాస్త్రమునను యుద్ధఋణము శిశువుపై వ్రాయబడలేదు. దేశము చెల్లింపవలసినదానిని ఏడవ తరగతి బాలుని నిద్రనుండి వసూలు చేసికొనుట న్యాయము కాదు.

అట్లయిన తండ్రిని నిందింపవలెనా? ఇచ్చట మన భాష మనలను చిక్కున పెట్టుచున్నది. ‘తప్పు’ అను నొక్క మాటలోనే నిందను, బాధ్యతను కలిపి వాడుచున్నాము. గాయము తగులుటలో ఆతని తప్పు లేదు. కాలిలో తూటా దిగినవానిని కుంటివని నింద యేల చేయుదుము? కాని కుంటుచు నడచుచు బిడ్డ కాలు త్రొక్కినచో, త్రొక్కితినని గుర్తించు భారము త్రొక్కినవానిదే. వైద్యుని కడకు ఆతని బదులు ఇంకొకరు పోజాలరు. తన గాయము నిందార్హము కాదని నమ్మినవాడే ఆ గాయమునకు బాధ్యత వహింపగలడు. నింద కలదని భయపడువాడు దాచుకొనును. కావున తండ్రిని బాధ్యుని చేయదలచినచో మొదట లోకము నింద మానవలెను. ఈ వరుస తలక్రిందు చేసి, సిగ్గుపఱచి బాగుచేయ జూచుట ఖడ్గతిక్కన యింటివారు చేసిన పనియే. మహావీరుడవని పొగడి నోరు మూయించుటయు దానికి తోబుట్టువే. పూలదండ వేయించుకొన్నవాడు రాత్రి ఏడ్చితినని ఎవరితో చెప్పును?

ఏమి చేయవలెనను విషయమున ఒక మంచి గురువు గలడు. రివర్సు అను ఆంగ్లేయ పండితుడు 1901, 1902 సంవత్సరములలో మన నీలగిరులకు వచ్చి తోడావారి జీవితమును పరిశీలించి, 1906లో గ్రంథము ప్రకటించెను. ఆతడే యుద్ధకాలమున ఎడింబరో చెంత క్రెయిగ్‌లాకార్టు ఆసుపత్రిలో గాయపడిన మనస్సులకు వైద్యుడయ్యెను. నాటి వైద్యులు మఱచిపొమ్మని బోధించుచుండగా, మఱువ యత్నించుటయే పెక్కుచోట్ల రోగమును పెంచుచున్నదని ఆతడు 1917లో ఉపన్యసించెను. తోడావారి గుడిసెల ముందర కూర్చుండి అడుగుటయు వినుటయు నేర్చినవాడు గనుకనే ఆసుపత్రిలోను అడిగి వినగలిగెనని నా యూహ. నేటి చికిత్సలు రివర్సు నాటికంటె చాల ముందుకు పోయినవి. తోడు మనుష్యుని యెదుట ఆ స్మృతిని కొంచెము కొంచెముగా విప్పించుటయే వానిలో ముఖ్యమైనవాని పద్ధతి. అమెరికాలో మినెసోటా విశ్వవిద్యాలయమువారు యుద్ధమునుండి వచ్చిన తలిదండ్రులకై పదునాలుగు వారముల పాఠక్రమ మొకటి యేర్పఱచిరి. కోపము రాకముందే దేహము చెప్పు గుర్తులు కనిపెట్టుట, బిడ్డ చెప్పునది ఊరక వినుట, ఆజ్ఞాపింపక అడుగుట మున్నగునవి అందు నేర్పుదురు. హవల్దారునకు ఆజ్ఞ యిచ్చుట నేర్పుటకు పటాలమున నెలల కొలది పట్టినది. అడుగుట నేర్పుటకు పదునాలుగు వారము లెక్కువ కాదు.

ఇంటివారు వెంటనే చేయదగినదియు నొకటి గలదు. తల్లులు బిడ్డలతో “నాన్న అలసిపోయినాడు” అని చెప్పి దాచుదురు. నాలుగేండ్లుగా అలసట తీరని తండ్రిని బిడ్డ నమ్మడు. యుద్ధపు ఘోరములు పిల్లలకు వర్ణించి చెప్పనక్కఱలేదు. “నాన్న పటాలములో నుండగా భయంకరమైనవి చూచినాడు, దానివలన ఆయన మనసునకు దెబ్బ తగిలినది, అది నీ వలన కాదు, నీవు బాగుచేయవలసినదియు కాదు, పెద్దవారము మేము చూచుకొందుము” అని చెప్పిన చాలును. ఆ బాలుని తల్లికి నేనీ మాట చెప్పితిని. ఆమె చాలసేపు పలుకక, “ఆయన వింటే బాధపడతాడేమో సార్” అన్నది. ఆయన యెదుటనే చెప్పుడంటిని.

ప్రభుత్వము చేయునది కొంత గలదు. మాజీ సైనికులకు 2003 నుండి ప్రత్యేక వైద్యపథకము నడచుచున్నది. 2022 నుండి 14416 అను సంఖ్యకు టెలిఫోను చేసి మనోవైద్య సహాయము తెలుగుననే పొందవచ్చును. చేరునాడు లేని వ్యాధితో సైన్యమునుండి పంపివేయబడినవానికి ఆ వ్యాధి సేవ వలననే కలిగినదని తలపవలెననియు, కాదని నిరూపించు భారము ప్రభుత్వముదే యనియు సుప్రీముకోర్టు 2013లో ధరమ్‌వీర్ సింగు వ్యాజ్యమున తీర్పు చెప్పినది. మంచిదే. కాని తన యవస్థను దాచుకొని సేవ పూర్తిచేసి వచ్చినవానికి ఆ తీర్పు అందదు. దాచుకొననిచ్చు ధైర్యము తీర్పులలో దొరకదు. అది క్యాంటీను వద్ద నిలిచిన సాటి సిపాయి నోట, ఊరి రచ్చబండ నోట రావలెను.

ఇక ముందు రానున్న చిక్కును గూర్చి పాఠకులు తలపవలెను. 2022లో వచ్చిన అగ్నిపథ పథకము ననుసరించి యువకులు నాలుగేండ్లకే సైన్యమున చేరుచున్నారు. వారిలో నాలుగవ వంతునకు మించకుండ నిలుపుకొని తక్కినవారిని ఇంటికి పంపుదురు. వారికి పింఛను లేదు. మాజీ సైనికుల వైద్యపథకమును ఆ నిబంధనలలో లేదు. ఆ నాలుగేండ్లలో పెండ్లియాడరాదు. 2022 చివరను చేరిన తొలి జట్టునకు 2026 చివరతో గడువు నిండును. వారు తండ్రులగు నాటికి పటాలపు ఆసుపత్రితో వారికి సంబంధము తెగియుండును. ఊరి ప్రాథమికారోగ్య కేంద్రమే దిక్కు. అచ్చట జ్వరమునకు మందు పుచ్చుకొన వచ్చిన యువకుని, పటాలమున నుంటివా, రాత్రి నిద్ర పట్టుచున్నదా, పిల్లలతో ఎట్లున్నావని వైద్యుడు అడుగునట్లు చేయుటకు ఇప్పుడే పూనుకొనవలెను.